నీళ్ల ట్యాంకు కోసం కొన్న రాస్ప్‌బెర్రీ పై 4

మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగాలి. ఆ ఒక్క పని కోసం ఏడాది కిందట రాస్ప్‌బెర్రీ పై 4 కొన్నాను.

బోర్డు అరచేతిలో పడుతుంది. సుమారు 85 మిల్లీమీటర్ల పొడవు, 56 వెడల్పు. అయినా ఇది పూర్తి కంప్యూటరే. నాలుగు కోర్ల ప్రాసెసర్, ర్యామ్, వైఫై, టీవీకి పెట్టుకోవడానికి రెండు మైక్రో హెచ్‌డీఎంఐలు, అన్నీ ఆ పచ్చ బోర్డు మీదే. హార్డ్‌డిస్కు ఉండదు, మెమరీ కార్డులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలి.

మొదటి టెన్షన్ కరెంటుతోనే. ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్ పెడితే స్క్రీన్ మూలన పసుపు రంగు మెరుపు గుర్తు వచ్చి పోయేది. వోల్టేజీ చాలడం లేదని దానర్థం. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఆ ఖర్చు కూడా కలుపుకుని కొనండి.

అసలు సంగతి సెన్సార్ దగ్గర తెలిసింది. ట్యాంకు మూతకి వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సార్ బిగించాను. అది నీటి మీదికి శబ్దం పంపుతుంది. ఆ శబ్దం తిరిగి రావడానికి సెంటీమీటరు దూరానికి సుమారు 58 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ సమయాన్ని బట్టి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో లెక్క కడతాం. శబ్దం తిరిగొచ్చిందని చెప్పే సెన్సార్ ఎకో పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, రాస్ప్‌బెర్రీ పై బోర్డు పిన్ను 3.3 వోల్టులకి మించి తట్టుకోదు. నేరుగా కలిపితే బోర్డు పోవచ్చు. అందుకే మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లు వేసి తగ్గించాను. అయినా నీళ్లు కదలకపోయినా రీడింగు రెండు మూడు సెంటీమీటర్లు గెంతేది. లినక్స్ ఒకేసారి పది పనులు చూసుకుంటుంది. మన పిన్నును చూడడం రవ్వంత ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. పైగా, కరెంటు ఠక్కున పోయి ఒకసారి కార్డులో ఫైళ్లు పాడయ్యాయి, అంతా మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

అదే సెన్సార్‌ని, అవే రెసిస్టర్లతో, రాస్ప్‌బెర్రీ పై పికోకి కలిపాను. ఇది మైక్రోకంట్రోలర్. 264 కిలోబైట్ల ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, మనం రాసిన ప్రోగ్రామ్ ఒక్కటే నడుస్తుంది. రీడింగు నిలకడగా వచ్చింది. కరెంటు పోయి వచ్చిన క్షణంలో మళ్లీ పనిలో పడుతుంది. వాషింగ్ మెషీన్‌లో ఉండేదీ ఈ జాతి చిప్పే. రిలే (మోటారుని వేసే, ఆపే స్విచ్చు) నుంచి మోటారు వరకు వైరింగు మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాను, 230 వోల్టులు కదా.

రాస్ప్‌బెర్రీ పై 4 మంచి బోర్డు, వంక పెట్టడానికి లేదు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఇప్పుడు దాన్ని టీవీకి పెట్టుకుని పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. ట్యాంకు, మొక్కల తడి, వీధి లైటు లాంటి ఒక్క పనికైతే పికో తీసుకోండి.