అబద్ధానికి 210 డాలర్లు: జనరల్ లీ ఊళ్ళలో మా ప్రయాణం

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్మండ్‌లో అంతర్యుద్ధం (1861-65లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) చరిత్ర చూపిస్తామనే వాన్ టూర్ బుక్ చేసుకోబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. మనిషికి 49 డాలర్లు, నలుగురికి 196, సర్వీస్ ఫీజు 14, మొత్తం 210 డాలర్లు కట్టి రెండున్నర గంటలు సగం నిజం విన్నాం. డబ్బు పోయిందని కాదు నా బాధ. ఎనిమిదో తరగతి చదివే పిల్ల ముందు, జీవితమంతా కాలేజీలో చరిత్ర పాఠం చెప్పిన మా మావయ్యగారి ముందు, మనుషుల్ని కొని అమ్మిన కాలాన్ని అంత ముద్దుగా చెప్పడం నాకు మింగుడు పడలేదు.

మేం వర్జీనియాలోనే యాష్‌బర్న్‌లో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన మావయ్యగారు నయాగరా వద్దన్నారు, ఆ యుద్ధంలో దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ ఇల్లు చూపించమన్నారు. ఆ ఇల్లు వాషింగ్టన్ నగరం పక్కనే, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటిక మధ్య, గుట్ట మీద ఉంటుంది. మెట్రో బ్లూ లైన్‌లో వెళ్తే పార్కింగ్ గొడవ లేదు. పెద్దవాళ్ళు ఫోటో ఐడీ మర్చిపోవద్దు. పైకి ట్రామ్ ఉంది కానీ టికెట్ కొనాలి. ఎక్కగలిగితే నడిచే వెళ్ళండి. ఇంట్లోకి ప్రవేశం ఉచితం.

ముందు గదుల కన్నా ఇంటి వెనక బానిసల గదులే ఎక్కువసేపు చూడండి. ఆ ఇంటి బానిస సెలీనా గ్రే, ఆమె భర్త, ఎనిమిది మంది పిల్లలు ఒక్క గదిలో బతికారు. 1861లో లీ భార్య ఇల్లు వదిలి వెళ్తూ తాళాలు ఇచ్చింది ఆ సెలీనాకే. సైనికులు ఆ ఇంట్లో ఉన్న జార్జ్ వాషింగ్టన్ వస్తువులు ఎత్తుకుపోతుంటే ఉత్తరాది జనరల్ దగ్గరికి వెళ్ళి చెప్పి, మిగిలినవాటిని కాపాడింది కూడా ఆమే. యూనిఫామ్‌లో ఉన్న పార్క్ రేంజర్, వయసులో చిన్నమ్మాయే, ఏదీ దాచకుండా చెప్పింది. 1857లో లీ మామగారు పోయాక ఆస్తి బాధ్యత లీ మీద పడింది. అయిదేళ్ళలోగా బానిసలందర్నీ విడిచిపెట్టాలని వీలునామాలో ఉంది. లీ మాత్రం ఆ గడువు పెంచమని కోర్టుకి వెళ్ళాడు. 1859లో పారిపోయి దొరికిన వెస్లీ నోరిస్‌కి యాభై కొరడా దెబ్బలు, అతని చెల్లెలికి ఇరవై కొట్టించి, వీపు మీద ఉప్పునీళ్ళు పోయించాడని నోరిసే 1866లో సాక్ష్యం చెప్పాడు. మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. మెట్రోలో కూడా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు రిచ్మండ్. వాన్ గైడ్ మంచి మాటకారి. మాన్యుమెంట్ అవెన్యూలో లీ విగ్రహం ఉండిన ఖాళీ వలయం దగ్గర ఆపి, "జనరల్ బానిసత్వాన్ని అసహ్యించుకున్నాడు, అది నైతికంగా చెడ్డదని భార్యకి రాశాడు" అన్నాడు. మావయ్యగారు నెమ్మదిగా "ఆ ఉత్తరంలో తర్వాత వాక్యం ఏమిటండీ?" అని అడిగారు. గైడ్ నవ్వి ముందుకి పోనిచ్చాడు. 1856 నాటి ఆ ఉత్తరంలోనే లీ, బానిసత్వం నల్లవాళ్ళ కన్నా తెల్లవాళ్ళకే ఎక్కువ కీడు అన్నాడు, నల్లవాళ్ళు పడే కష్టం వాళ్ళ జాతికి శిక్షణగా అవసరమనీ రాశాడు. అది ఎగరగొట్టి మొదటి సగం ఒక్కటే చెబితే విన్నవాళ్ళని మోసం చేసినట్టే. కొరడా దెబ్బలు తిన్న నోరిస్ సంగతి అమ్మాయి అడిగింది. "అవన్నీ పుకార్లు" అన్నాడు. అమ్మాయి మొహం ఎర్రబడింది, మావారు దిగిపోదామన్నారు. టూర్ మధ్యలో దిగితే డబ్బు వాపసు ఉండదట. చివరిదాకా కూర్చున్నాం. ఈమెయిల్‌లో ఫిర్యాదు చేస్తే వచ్చేసారికి సగం క్రెడిట్ ఇస్తామన్నారు. నేను వద్దన్నాను.

ఆ రాత్రి విగ్రహాల మీద ఇంట్లోవాళ్ళ మధ్యే వాదన. 2011లో ట్యాంక్ బండ్ మీద విగ్రహాలు కూల్చినప్పుడు మావయ్యగారు చాలా రోజులు బాధపడ్డారు. "దించడం సరే, ఇక్కడే వర్జీనియాలో షార్లట్స్‌విల్‌ ఊళ్ళో లీ విగ్రహాన్ని 2023లో కరిగించేశారే, అది ఎందుకు? పక్కన నిజం రాసి పెడితే సరిపోదా?" అని ఆయన. "తాతయ్యా, ట్యాంక్ బండ్ మీద ఉన్నది కవులు, సంస్కర్తలు. ఈయన బానిసత్వం కోసం విడిపోయిన రాష్ట్రాల తరఫున యుద్ధం చేశాడు" అని అమ్మాయి. అమ్మాయితోనే నేనూ ఏకీభవిస్తాను. రిచ్మండ్ విగ్రహం నిలబెట్టింది 1890లో, షార్లట్స్‌విల్‌ది 1924లో. నడిమధ్యన 1902లో వర్జీనియా కొత్త రాజ్యాంగం తెచ్చి నల్లవాళ్ళ ఓటు దాదాపు ఊడగొట్టింది. ఎవరిది పైచేయో రోజూ గుర్తు చేయడానికే ఆ కంచు గుర్రాలు ఎక్కించారు. 2021 సెప్టెంబర్‌లో దించిన రిచ్మండ్ విగ్రహం మాత్రం నల్లజాతి చరిత్ర మ్యూజియం వాళ్ళ చేతికి ఇచ్చారు. మావయ్యగారికి ఆ పద్ధతి నచ్చింది.

తర్వాత లీ చివరి ఏళ్ళు గడిపిన లెక్సింగ్టన్‌కి ప్రయాణం హాయిగా సాగింది. బస మాత్రం పాత బంగళా, రాత్రికి 214, పన్నులతో 243 డాలర్లు. వేడినీళ్ళు ఇద్దరికి సరిపోయి ఆగిపోయాయి. పొద్దున టిఫిన్‌లో శాకాహారికి ఏం పెడతారో అని నాకు ఒకటే టెన్షన్. వంటావిడ అడిగి మరీ మాంసం తగలకుండా గ్రిట్స్ (మొక్కజొన్న నూకల జావ) విడిగా చేసి, వెన్న, మిరియాలు వేసి తెచ్చింది. అచ్చం మా అమ్మ చేసే నూకల ఉప్మాలా ఉంది. మావయ్యగారు ఆవకాయ ప్యాకెట్ తీసి రెండు గిన్నెలు తిన్నారు.

లీ 1865 నుంచి 1870లో చనిపోయేదాకా ఇక్కడి కాలేజీకి అధ్యక్షుడు. ఇప్పుడది వాషింగ్టన్ అండ్ లీ విశ్వవిద్యాలయం. సమాధి అక్కడి చాపెల్ (ప్రార్థనా మందిరం) కిందే, గుర్రం ట్రావెలర్‌ది బయట. చాపెల్ పేరులోంచి లీని 2021లో తీసేశారు, విశ్వవిద్యాలయం పేరులో మాత్రం అదే ఏడాది ఓటింగ్ పెట్టి ఉంచేసుకున్నారు. సైనిక దుస్తుల్లో నిద్రపోతున్నట్టు చెక్కిన పాలరాతి విగ్రహం పనితనం గొప్పది, చెప్పుకోవాలి. గంట చాలు.

మీరు వెళ్తే ఆర్లింగ్టన్ ఇల్లు ముందు చూడండి, తర్వాతే మిగతావి. రిచ్మండ్‌లో వాన్ ఎక్కే బదులు షాకో బాటమ్ అనే పాత పేటలో బానిసల బాట నడవండి. మనుషుల్ని అమ్మేముందు బంధించిన లంప్కిన్ జైలు స్థలం ఆ దారిలోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. అటునుంచి వర్జీనియా ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంకి కారులో వెళ్ళండి. దాని ముందు నల్లజాతి కళాకారుడు కెహిండే వైలీ చేసిన, 2019లో పెట్టిన విగ్రహం ఉంది: పాత సేనాపతుల లాగే గుర్రమెక్కిన ఈకాలపు నల్లజాతి కుర్రాడు. లోపల మామూలు గ్యాలరీలకి టికెట్ లేదు. పిల్లలకి నీళ్ళ బాటిల్, మంచి బూట్లు ఉంటే చాలు.