ఆటగాళ్ల లయబిలిటీ పాలసీ: 5కి 3 మార్కులు

ఆటలో మీ వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే ఆ ఖర్చు భరించే బీమా ఇది. పొరపాటున తగిలిన దెబ్బలకు ఈ రకం పాలసీ బాగానే పనికొస్తుంది. బంతి వెళ్లిపోయాక చేసిన లేటు టాకిల్‌కి ఎదుటివాడి కాలు విరిగి కోర్టుకెక్కితే లాయర్ ఫీజు, పరిహారం లిమిట్ (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) వరకు కడుతుంది. కావాలని కొట్టారని తేలితే మాత్రం చేతులెత్తేస్తుంది. అమ్మేటప్పుడు ఎవరూ చదివి వినిపించని మినహాయింపుల పేజీలో ‘ఉద్దేశపూర్వక చర్య’ అనే మాట వెతకండి. పక్కనే ‘తుది తీర్పు వచ్చాకే’ అని ఉంటే నయం; అప్పటిదాకా డిఫెన్స్ ఖర్చు (కోర్టులో మీ తరఫు వాదనకయ్యే ఖర్చు) కంపెనీదే. ‘ఆరోపణ వస్తే చాలు’ అని ఉంటే ఆ పాలసీ దండగ.

2000లో ఐస్ హాకీ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ, ప్రత్యర్థి ఆటగాడు డొనాల్డ్ బ్రషీర్‌ తలపై స్టిక్‌తో కొట్టాడు. లీగ్ సస్పెండ్ చేసినా వాంకూవర్‌లో క్రిమినల్ కేసు ఆగలేదు. ఆయుధంతో దాడి కింద దోషిగా తేల్చారు. అవును, స్టిక్కే ఆయుధం! క్రిమినల్ జరిమానా, సస్పెన్షన్‌లో పోయే జీతం ఇలాంటి పాలసీల్లో సాధారణంగా రావు.

2004లో మరో ఐస్ హాకీ ఆటగాడు టాడ్ బెర్టుజీ ఆటలో చేసిన దాడిపై సివిల్ దావా 2014లో గానీ రాజీ కాలేదు. అన్నేళ్ల లాయర్ ఫీజు లిమిట్‌లోంచే కోస్తే పరిహారానికి మిగిలేది చిల్లరే. ‘డిఫెన్స్ ఖర్చు లిమిట్‌కి అదనం’ అని రాతలో ఉండాల్సిందే.

క్లెయిములు ఎక్కువగా చెడేది ఆలస్యంతో. నోటీసు వచ్చేదాకా ఆగకుండా, గొడవ జరిగిన వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.