ఫ్లాట్ టాప్స్, రాలిన్స్: రెండు వేట ప్రాంతాలు, జీపీఎస్ మీద నా లెక్క

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి) వేటకు, పక్క రాష్ట్రం వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు) వేటకు వెళ్లొచ్చాక నాకు బాగా అర్థమైంది ఒకటుంది. ఏ జీపీఎస్ కొనాలో తేల్చుకునే ముందు మనం ఎలాంటి నేల మీద తిరగబోతున్నామో చూసుకోవాలి. రెండు చోట్లకీ తీసుకెళ్లిన సామాను ఒకటే: ఫోన్‌లో వేట మ్యాప్ యాప్, చేతిలో పట్టుకునే గార్మిన్ జీపీఎస్, ఒక శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే పరికరం), కాగితం మ్యాప్. అయితే కొలరాడోలో రోజంతా చేతిలో ఉన్న పరికరం వయోమింగ్‌లో సంచి అడుగునే ఉండిపోయింది.

ముందు కొలరాడో సంగతి. ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్ (చట్టం కాపాడే అడవి ప్రాంతం) ఆ రాష్ట్రంలో వాయవ్యాన ఉంది. 1975లో ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం సుమారు 2,35,000 ఎకరాలు. లోపలికి మోటారు బండి వెళ్లకూడదు. నడవాలి, లేదా గుర్రం ఎక్కాలి. ప్రైవేట్ భూమిలోకి వెళ్లిపోతామన్న భయం లోపల దాదాపు ఉండదు. అక్కడి ఇబ్బంది వేరే. పైన పీఠభూమి మైళ్ల కొద్దీ ఒకేలా కనిపిస్తుంది, దాని అంచుల్లో నిట్టనిలువు రాతి చరియలు. 1940ల్లో స్ప్రూస్ బీటిల్ పురుగు చంపేసిన చెట్ల మోడులు ఇంకా కనిపిస్తాయి. ట్రాపర్స్ లేక్ చుట్టూ 2002లో అడవి తగలబడి కూలిన దుంగలు దారికి అడ్డం పడి ఉన్నాయి. మ్యాప్‌లో ఒక మైలుగా కనిపించేది కాళ్లకు మూడు మైళ్లంత పని పెడుతుంది. పైన మబ్బు దిగిందంటే ఏ సందులోంచి ఎక్కామో, మళ్లీ ఎక్కడ దిగాలో కంటికి అందదు.

ఇక్కడ చేతి జీపీఎస్ తన విలువ చూపించింది. నా దగ్గరున్నది బటన్లు ఉన్న మోడల్, రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. అక్టోబర్ చివర్లో తడి మంచు పడుతుంటే టచ్ స్క్రీన్ మీద చినుకే వేలై, మ్యాప్ ఎటో జరిగిపోతుంది. గ్లౌజు తీయకుండా నొక్కగలిగే బటన్ ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది. బ్యాటరీల విషయంలో నాది ఒకటే మాట: లిథియం ఏఏలు కొనండి. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి త్వరగా చతికిలపడతాయి. ఫోన్ బ్యాటరీదీ అదే గతి. మాతో వచ్చిన మిత్రుడి ఫోన్ పొద్దున సగానికి పైగా చార్జ్ చూపించింది, చలిగాలిలో కాసేపు బయట పెట్టగానే ఆగిపోయింది. లోపలి జేబులో ఒంటికి ఆనించి పెడితే, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచితే, అదే ఫోన్ చాలాసేపు వచ్చింది. సిగ్నల్ లేకపోయినా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసి ఉండాలి.

దట్టమైన స్ప్రూస్ చెట్ల కింద, చరియల పక్కన సంకేతాలు రాతికి తగిలి వంకరగా అందుతాయి. కొత్త పరికరాల్లో వచ్చిన మల్టీ బ్యాండ్ (ఒకటికి మించిన ఫ్రీక్వెన్సీల్లో సంకేతాలు అందుకునే) సౌకర్యం అలాంటి చోట తేడా చూపిస్తుంది. అయినా నా దృష్టిలో ఖచ్చితత్వం కన్నా ట్రాక్, అంటే నడిచిన దారి రికార్డు, ముఖ్యం. బయల్దేరగానే ట్రాక్ ఆన్ చేసి రోజంతా అలాగే వదిలేయాలి. ఎల్క్ పడ్డ చోట వేపాయింట్ (మ్యాప్‌లో ఆ చోటి గుర్తు) పెట్టాలి. మగ ఎల్క్ మాంసం ఒక్క విడతలో వీపు మీద మోయగలిగేది కాదు. చీకట్లో, హెడ్‌ల్యాంప్ వెలుతురులో అదే చోటికి మళ్లీ మళ్లీ రావాలి. ఎలుగులు తిరిగే అడవిలో మాంసం ఎక్కడ వేలాడదీశామో మీటర్ల తేడాతో తెలిసి ఉండటం మన క్షేమానికి కూడా మంచిదే.

బస గురించి. మీకర్ ఊళ్లో మోటెల్‌లో దిగితే వేడి నీళ్లు, వైఫై, పక్కనే పెట్రోల్ బంక్ ఉంటాయి. రైఫిల్ సీజన్‌లో గదులు ముందే నిండిపోతాయి కాబట్టి నెలల ముందే మాట్లాడుకోవాలి. మ్యాపులన్నీ డౌన్‌లోడ్ చేసుకోవడానికి మాకు ఆ వైఫై ఎంతో ఉపయోగపడింది. కానీ అక్కడి నుంచి తెల్లవారుజామున డ్రైవ్ చేసి, ఆపైన కొండ ఎక్కేసరికి మంచి సమయం గడిచిపోతుంది. సరస్సు దగ్గరి క్యాంప్‌గ్రౌండ్ అంతకన్నా మేలు. నాకు అన్నిటికన్నా నచ్చింది డ్రాప్ క్యాంప్. అవుట్‌ఫిట్టర్ (వేటగాళ్లకు ఏర్పాట్లు చేసే వ్యాపారి) కంచరగాడిదల మీద సామాను మోయించి, లోపల టెంట్ వేసి, చెప్పిన రోజుకు మళ్లీ వస్తాడు. ఖర్చు ఎక్కువే, కానీ కాళ్లు వేట కోసం మిగులుతాయి. రాష్ట్రంలో రిజిస్టర్ అయినవాడేనా, ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ ఉందా అని తప్పకుండా అడగాలి.

ఇంకొకటి కూడా అడగాలి. క్యాంప్ కోఆర్డినేట్లు ఇస్తే అవి ఏ డేటమ్‌లో (కోఆర్డినేట్లను లెక్కగట్టే ఆధారంలో) ఉన్నాయి? పాత యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు నాడ్ 27 అనే డేటమ్‌లో ఉంటాయి, జీపీఎస్ మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్ వాడుతుంది. యూటీఎం (మీటర్లలో చెప్పే గ్రిడ్) అంకెల్లో చూస్తే ఆ ప్రాంతంలో ఈ రెండింటికీ సుమారు 200 మీటర్ల తేడా వస్తుంది. మాకు ఇచ్చినవి పాత మ్యాప్ నుంచి తీసిన అంకెలే. ఊళ్లో ఉండగానే అడిగి మార్చుకున్నాం. చీకట్లో, మంచులో, చెట్ల మధ్య టెంట్ వెతికే మనిషికి 200 మీటర్లు చాలా దూరం.

ఇక వయోమింగ్. రాలిన్స్ చుట్టుపక్కల, ఐ-80 హైవేకి అటూ ఇటూ అంతా సేజ్ పొదల మైదానం. ఎక్కడున్నామో తెలియకపోవడమనే సమస్యే లేదు, హైవే మీద లారీలు మైళ్ల దూరం నుంచే కనిపిస్తాయి. ఇక్కడి చిక్కు భూమి ఎవరిదన్నది. 1860లలో రైలు మార్గం వేసినందుకు ప్రభుత్వం యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీకి ఒకటి విడిచి ఒకటి చొప్పున చదరపు మైలు ముక్కలు ఇచ్చింది. ఒక్కో ముక్క 640 ఎకరాలు. అందుకే మ్యాప్ చదరంగం బల్లలా కనిపిస్తుంది: ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేట్. నేల మీద కంచె కూడా ఉండకపోవచ్చు.

ఇలాంటి చోట ఆన్‌ఎక్స్ హంట్ లాంటి యాప్ లేకుండా అడుగు వేయకూడదు. ఎవరి భూమి అన్నది రంగుల్లో, పేరుతో సహా చూపిస్తుంది. మోంటానాలో పుట్టిన ఈ యాప్ పడమటి రాష్ట్రాల్లో వేట పద్ధతినే మార్చింది. గోహంట్, బేస్‌మ్యాప్, హంట్‌స్టాండ్ కూడా ఇదే పని చేస్తాయి. చిన్న తెర ఉన్న చేతి జీపీఎస్‌లో ఈ సరిహద్దులు చూడటం కళ్లకు శ్రమ. పెద్ద తెర ఉన్న ఫోనే ఇక్కడ సరైనది.

రెండు ప్రభుత్వ గడులు మూల దగ్గర మాత్రమే కలిసే చోట, ప్రైవేట్ నేలను తాకకుండా ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి అడుగు వేయొచ్చా అన్నది ఏళ్ల తరబడి నలిగిన గొడవ. 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు అలా దాటినందుకు కేసు నడిచింది. 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉన్న ఫెడరల్ అప్పీలు కోర్టు) వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది, అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోవడానికి నిరాకరించింది. ఈ తీర్పు వయోమింగ్, కొలరాడో, యూటా వంటి ఆ సర్క్యూట్‌లోని రాష్ట్రాలకే వర్తిస్తుంది. మోంటానా అందులో లేదు.

అయితే ఒక జాగ్రత్త. ఆకాశం తెరిచి ఉన్న చోట కూడా ఫోన్ జీపీఎస్‌లో మామూలుగా దాదాపు 5 మీటర్ల తేడా ఉండొచ్చు. తెర మీద నీలం చుక్క మూల మీద నిలబడినంత మాత్రాన మన కాలు అక్కడ ఉన్నట్టు కాదు. సర్వేవాళ్లు పాతిన ఇత్తడి బిళ్ల గుర్తును కళ్లతో చూశాకే దాటాలి. యాప్ గీతను అక్కడి దాకా చేరడానికే వాడుకోవాలి. వేరే రాష్ట్రం వాళ్లకు ఇంకో నియమం ఉంది: వయోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్ లోపల పెద్ద జంతువుల వేటకు లైసెన్స్ ఉన్న గైడ్ గానీ, అనుమతి పొందిన స్థానికుడు గానీ తోడుండాలి. ఆ హద్దు కూడా ముందే మ్యాప్‌లో చూసుకోవాలి.

రాలిన్స్‌లో బసకు హైవే పక్కన మోటెల్స్ ఉన్నాయి, పడుకోవడానికి సరిపోతాయి. మేం ఎక్కువగా బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే ఫెడరల్ సంస్థ) భూమిలో టెంట్ వేసుకున్నాం. గాలి తట్టుకోగలిగితే అదే బాగుంటుంది.

రెండు చోట్లా ఒకేలా అవసరపడింది శాటిలైట్ మెసెంజర్. నా దగ్గరున్నది ఇన్‌రీచ్ మినీ 2. బరువు 100 గ్రాములు, ఇరిడియం ఉపగ్రహాల ద్వారా పనిచేస్తుంది. దట్టమైన చెట్ల కింద మెసేజ్ వెళ్లడానికి కొన్ని నిమిషాలు పట్టేది, తెరిపి చోటికి వస్తే వెంటనే వెళ్లేది. సాయంత్రం ఒక్క మాట పంపితే ఇంట్లో వాళ్లకు టెన్షన్ ఉండదు. 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీకి (ఆపదలో సాయం కోరే సంకేతం మాత్రమే పంపే పరికరానికి) నెలవారీ చందా లేదు, ప్రాణాపాయంలో నమ్మదగినదే. కానీ దాంతో మాట్లాడుకోలేం. మాకు ఎదురైనవన్నీ చిన్న విషయాలు: మంచు వల్ల అవుట్‌ఫిట్టర్ రాక ఒక రోజు జరిగింది, వాతావరణ సూచన కావాల్సి వచ్చింది. వీటికి రెండు వైపులా మెసేజ్ నడవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో కూడా ఉపగ్రహం ద్వారా సాయం కోరే వీలుంది. అయితే చలికి ఆగిపోయే ఫోన్ మీదే మ్యాప్, సాయం రెండూ ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

కాబట్టి డబ్బు పెట్టే వరుస ఇలా ఉండాలంటాను: మొదట మెసెంజర్, తర్వాత ఆ రాష్ట్రానికి యాప్ చందా. సీజన్ చివర్లో దట్టమైన అడవిలోకి వెళ్లేవాళ్లయితే బటన్ల జీపీఎస్ కూడా. కాగితం మ్యాప్, దిక్సూచి ఎలాగూ ఉండాలి. ఫ్లాట్ టాప్స్ వైపు దిక్సూచిలో తూర్పుకు సుమారు 8 డిగ్రీల డిక్లినేషన్ (దిక్సూచి చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మధ్య తేడా) సరిచేసుకోవాలి. మెసెంజర్ చందాను వేట నెలలకే తీసుకునే ప్లాన్లు ఉంటాయి, కొనే ముందు ఆ షరతులు చదవండి. మెసేజ్‌లతో జంతువు జాడ చెప్పుకుంటూ వేటాడటం కొన్ని రాష్ట్రాల్లో నేరం, ఆ ఏడాది రూల్ పుస్తకం చూసుకోండి. ఇంటి నుంచి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మీరు తిరగబోయే లోయను తెర మీద దగ్గరగా జూమ్ చేసి చూడండి. కాంటూర్ గీతలు (ఎత్తు చూపే గీతలు), సరిహద్దు రంగులు రెండూ స్పష్టంగా రాకపోతే డౌన్‌లోడ్ పూర్తి కానట్టే.