లాక్రోస్: స్కూల్ జట్టా, పేరెంట్స్ నడిపే జట్టా, ట్రావెల్ క్లబ్బా? ఏది మేలు?

న్యూజెర్సీ నుంచో వర్జీనియా నుంచో ఉద్యోగం మారి డాలస్ వైపు వచ్చే మనవాళ్లు తరచూ ఒకటే అడుగుతున్నారు: "మావాడు అక్కడ స్కూల్ టీమ్‌లో లాక్రోస్ ఆడుతున్నాడండీ. ఫ్రిస్కోలో ఇల్లు చూసుకోవాలా, ప్లేనోలోనా? ఆట మాత్రం ఆగకూడదు."

లాక్రోస్ అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట. ఆ రెండు రాష్ట్రాల్లో అది హైస్కూల్ క్రీడా సంఘం గుర్తించిన ఆట, అంటే స్కూలే జట్టు నడుపుతుంది. టెక్సస్‌లో పబ్లిక్ స్కూళ్ల ఆటలు చూసే సంఘం యూఐఎల్ దాన్ని ఇంకా చేర్చుకోలేదు. వాటర్ పోలోను 2022-23లో చేర్చుకుంది గానీ లాక్రోస్ వంతు రాలేదు. అందుకే ఇక్కడ జెర్సీ మీద స్కూల్ పేరున్నా, పబ్లిక్ స్కూళ్ల దగ్గర జట్టు మామూలుగా తల్లిదండ్రులు పెట్టుకున్న నాన్‌ప్రాఫిట్‌ది. పోటీలు నడిపేది టెక్సస్ హైస్కూల్ లాక్రోస్ లీగ్ లాంటి విడి సంస్థలు.

డబ్బు తేడా అందరికీ ముందే కనిపిస్తుంది. గుర్తింపు ఉన్నచోట కోచ్ జీతం, బస్సు, గ్రౌండ్ చాలావరకు స్కూల్ లెక్కలో పోతాయి. ఇక్కడ గ్రౌండ్ అద్దె, రిఫరీల ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ మన చెక్కుల్లోంచే రావాలి. అయినా నా దృష్టిలో తేల్చే విషయం డబ్బు కాదు. జట్టును మోస్తున్నవాళ్లు నాలుగేళ్ల తర్వాత కూడా ఉంటారా అన్నదే.

పేరెంట్స్ జట్టులో ప్రెసిడెంట్ కొడుకు ఆడుతుంటాడు, ట్రెజరర్ కొడుకూ ఆడుతుంటాడు. పిల్లలు గ్రాడ్యుయేట్ అయిన ఏడాదే వాళ్లూ వెళ్లిపోతారు. గ్రౌండ్ బుకింగ్‌కు ఎవరిని పట్టుకోవాలో, హెల్మెట్లు ఎవరి గరాజ్‌లో ఉన్నాయో, స్పాన్సర్లతో ఎవరు మాట్లాడేవారో ఆ తెలివిడి అంతా వాళ్లతోనే పోతుంది. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. స్కూల్ జట్టు అయితే కోచ్ మానేసినా, ఆ ఖాళీ నింపడం స్కూల్ ఆటలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్ ఉద్యోగంలో భాగం.

జట్టు పెరగడం కూడా దీనిమీదే ఆధారపడింది. వసంతంలో బేస్‌బాల్, ట్రాక్, సాకర్ అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఫుట్‌బాల్ కుర్రాళ్లకు ఆఫ్-సీజన్ వెయిట్స్ ఉంటాయి. ఒకే పిల్లాణ్ణి ఇద్దరు కోచ్‌లు పంచుకోవాలంటే పైన చెప్పేవాళ్లు ఒకరుండాలి. గుర్తింపు లేని ఆట కోచ్‌కి ఆ బలం లేదు, వెళ్లి బతిమాలుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లల్ని పిలవడానికి మిడిల్ స్కూల్లో ఒక పోస్టర్ అంటించాలన్నా అనుమతి అడగాలి. కొత్తవాళ్లు రాకపోతే ముందు జేవీ జట్టు, అంటే స్కూల్ రెండో జట్టు పోతుంది, రెండేళ్లకు మొదటి జట్టైన వార్సిటీకీ మనుషులు చాలరు.

ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం. అబ్బాయిల లాక్రోస్‌లో ఢీకొట్టడం ఆటలో భాగం. గట్టి రబ్బరు బంతి ఛాతీకి తగిలి గుండె లయ తప్పే ప్రమాదం ఉందనే, 2022 నుంచి ఆటగాళ్లందరికీ ప్రత్యేక ప్రమాణం ఉన్న ఛాతీ రక్షణ తప్పనిసరి చేశారు. అది వేసుకున్నా, దగ్గర్లో ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పరికరం) ఉండాలి, దాన్ని వాడటం తెలిసినవాళ్లు ఉండాలి. స్కూల్ తన జట్టుకు దెబ్బలు తగిలితే చూసే అథ్లెటిక్ ట్రైనర్‌ని ఇవ్వగలదు. శనివారం అద్దె గ్రౌండ్‌లో ఆడే ఆటకు ఆ ఏర్పాటు జట్టు నడిపే తల్లిదండ్రుల బోర్డే చూసుకోవాలి. చూసుకుందో లేదో మనం అడిగి తెలుసుకోవాలి.

పేరెంట్స్ జట్ల మేలు తక్కువేం కాదు. రెండు మూడు స్కూళ్ల పిల్లల్ని కలిపి జట్టు కట్టుకోవచ్చు. స్టిక్ ఎప్పుడూ పట్టనివాడికీ చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఆట బాగా తెలిసిన కోచ్‌ని బయటినుంచి తెచ్చుకోవచ్చు. స్కూల్ జట్టులో ఒక్కోసారి ఖాళీగా ఉన్న టీచర్‌కి ఆ పని అంటగడతారు. ఒహాయో 2017లో గుర్తించింది, ఇల్లినాయ్ మొదటి రాష్ట్ర టోర్నమెంట్ 2018లో పెట్టింది. అక్కడా గుర్తింపు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఆటను నిలబెట్టినవి ఇలాంటి క్లబ్ జట్లే. టెక్సస్‌లోనూ ఆ గుర్తింపు రావాలంటే అమ్మాయిల జట్లు కూడా పెరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల స్కూళ్లు అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఆడే అవకాశాలు సమానంగా ఇవ్వాలి. ఫుట్‌బాల్‌కే అంతమంది అబ్బాయిలున్న చోట, అబ్బాయిల లాక్రోస్ ఒక్కటే పట్టుకెళ్తే స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకోవడం కష్టం.

ట్రావెల్ క్లబ్, అంటే ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే ప్రైవేట్ జట్టు, దాని సంగతి వేరు. కాలేజీ కోచ్‌లు పిల్లల్ని ఎక్కువగా చూసేది వేసవి టోర్నమెంట్లలోనే. కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ నియమం ప్రకారం పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా పై స్థాయి అయిన డివిజన్ వన్ కాలేజీల కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. కాబట్టి తొమ్మిదిలోనే వేల డాలర్లు, విమానాలు, హోటళ్లు అని కంగారు పడక్కర్లేదు. కాలేజీలో ఆడాలన్న పట్టుదల ఉంటే స్కూల్ పేరున్న జట్టుకు తోడుగా పెట్టుకోండి, దాని బదులుగా మాత్రం వద్దు. టెన్నిస్‌కో ట్రాక్‌కో మార్చేస్తే గుర్తింపు గొడవ ఉండదు, పిల్లాడికి ఇష్టమైతేనే.

ఎంచుకునే వీలుంటే నా ఓటు స్కూల్ గుర్తించిన జట్టుకే. టెక్సస్‌కే వస్తున్నవాళ్లు మాత్రం ఇంటి లీజు మీద సంతకం పెట్టే ముందు ఆ జట్టు బోర్డుకు ఫోన్ చేయండి. కోచ్ ఎన్నేళ్లుగా ఉన్నారు? జేవీ జట్టు ఉందా? గ్రౌండ్ స్కూల్‌దా, అద్దెదా? ఆట దగ్గర ట్రైనర్ ఉంటారా? పీఈ (వ్యాయామం క్లాసు) క్రెడిట్, స్కూల్ ఆటగాళ్లకు గౌరవంగా ఇచ్చే లెటర్ జాకెట్ ఇస్తారా? ఈ రెండూ డిస్ట్రిక్ట్‌ని బట్టి మారతాయి. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు బోర్డులో ఎంతమంది ఉన్నారో కూడా కనుక్కోండి. అందరూ పన్నెండో తరగతి పిల్లల తల్లిదండ్రులే అయితే పక్క స్కూల్ జట్టునూ చూసి అప్పుడు సంతకం పెట్టండి.