టూ-స్ట్రోక్ జెట్ స్కీకి ఆయిల్ షటాఫ్ వాల్వు: ఎండాకాలం బండి పక్కన పెట్టేవాళ్లకు పనికొస్తుందా?

నాగార్జునసాగర్ నిండుమట్టం 590 అడుగులు. అక్కడి నుంచి నీళ్లు దిగడం మొదలైతే జెట్ స్కీలు ట్రాలీ ఎక్కి షెడ్డుకు చేరతాయి. సోమశిల వైపు శ్రీశైలం వెనుక జలాల్లోనూ అంతే. మళ్లీ ఎగువ నుంచి వరద వచ్చేదాకా నెలల తరబడి బండి కదలదు. కంపెనీ మాన్యువళ్లలో నిల్వ అంటే చలికాలం. మనకేమో అది నడి ఎండాకాలం. నల్గొండలో రేకుల షెడ్డు కింద ఆయిల్ పలచబడి, అరిగిన సీలు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) దాటుకుని చలిదేశాల్లో కంటే తొందరగా ఇంజిన్‌లోకి దిగుతుంది. సీజన్ మొదట్లో సెల్ఫ్ కొడితే "టక్" మని ఆగిపోయే పాత సీ-డూ కంపెనీ జెట్ స్కీలలో చాలావాటికి మూలం ఇదే.

ఈ కారుడును ఆపడానికని ఆన్‌లైన్‌లో అమ్మే వాల్వు కిట్టు గురించి ఈ రివ్యూ. కిట్టులో పావు తిప్పు ఇత్తడి బాల్ వాల్వు, దాని పిడికి తగిలే చిన్న మైక్రో స్విచ్, రెండు తీగలు, నాలుగు క్లాంపులు ఉంటాయి.

ఎవరికి అక్కర్లేదో ముందు చెప్పాలి. ఫోర్-స్ట్రోక్ బండికి దీనితో పనే లేదు. సీ-డూలలో వచ్చే రోటాక్స్ 951 ఇంజిన్ టూ-స్ట్రోకే అయినా అందులో రోటరీ వాల్వు (గాలి, పెట్రోలు లోపలికి పోయే దారిని తెరిచి మూసే తిరుగుడు డిస్కు) లేదు, రీడ్ వాల్వులే. ఇది రోటరీ వాల్వు ఉన్న 587, 657, 717, కార్బురేటర్ రకం 787 ఇంజిన్ల జబ్బు. వీటిలో రోటరీ వాల్వు షాఫ్టును తిప్పే గేరు క్రాంకు నడుమన ఒక గదిలో ఉంటుంది. ఆ గదికి ఆయిల్ ట్యాంకు నుంచి ఒక గొట్టం నేరుగా వస్తుంది, ఇంకొకటి తిరిగి ట్యాంకుకే పోతుంది. నడుమ పంపు లేదు, ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టి ఆయిల్ దానంతటదే దిగి గది నిండుగా ఉంటుంది. గదికి అటూ ఇటూ ఉన్న క్రాంకు లోపలి సీళ్లలో ఒకటి అరిగినా ట్యాంకులోని ఆయిల్ రాత్రింబవళ్లు క్రాంక్ కేసులోకి జారుతూనే ఉంటుంది.

కిట్టు కొనే ముందు చేయాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. ట్యాంకు మీద ఆయిల్ మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టండి. రోటరీ గది గొట్టాలు రెండింటినీ నున్నటి దవడలున్న క్లాంపులతో నొక్కి వారం వదలండి, తర్వాత క్లాంపులు తీసి ఇంకో వారం చూడండి. తీసిన వారమే మట్టం దిగితే దోషం సీళ్లది. నొక్కి ఉంచినా దిగుతుంటే ఇంజెక్షన్ పంపు (పెట్రోలుతో పాటు కాలే ఆయిల్‌ను ఇంజిన్‌కు అందించేది) దగ్గరి చెక్ వాల్వులో, సన్న గొట్టాల్లో, ట్యాంకు అడుగు రబ్బరులో వెతకాలి. అప్పుడు ఈ వాల్వు దండగ.

ఇక బిగింపు. ట్యాంకు నుంచి పంపుకు, ఫిల్టరు మీదుగా, వేరే గొట్టం పోతుంది. దాని జోలికి పోకూడదు. వాల్వు పడాల్సింది రోటరీ గదికి దిగే లావు గొట్టం మీద మాత్రమే. రెండూ నల్లగానే ఉంటాయి కాబట్టి చేత్తో పట్టుకుని చివరిదాకా పోయి చూసుకున్నాకే కోయండి. పంపు గొట్టాన్ని మూసి మరిచిపోతే పిస్టన్ పట్టేయడానికి ఎక్కువసేపు పట్టదు. రిటర్న్ గొట్టం ట్యాంకులో ఆయిల్ మట్టం కింద కలుస్తుంటే దాన్నీ మూయాలి, లేకపోతే ఆయిల్ ఆ దారిన వస్తుంది. కిట్టులో ఉండేది ఒక్క వాల్వే. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఇత్తడి పని బాగుంది, బంతి గట్టిగా మూస్తుంది. తంటా కొసల దగ్గర. గొట్టం లోపలి కొలతకు కొస సరిపోయినా, కొస లోపలి రంధ్రం బాగా సన్నగా ఉన్న రకాలు వస్తున్నాయి. గదిలోకి ఆయిల్ ధారాళంగా దిగాలి కాబట్టి సన్నవాటిని వెనక్కి పంపండి. మిర్యాలగూడలో రైస్ మిల్లు సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే గాలి లైన్లకు వాడే ఫుల్ బోర్ (లోపలి దారి ఇరుకు కాని) బాల్ వాల్వు దొరకొచ్చు, అది ఇంతకంటే మేలు. గ్యాస్ స్టవ్ కాక్ పెట్టే ఉపాయం మాత్రం వద్దు, దాని దారి మరీ ఇరుకు. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. తెగిన పోగులు గదిలోకి, అక్కడి నుంచి ట్యాంకు మీదుగా ఫిల్టరుకు చేరతాయి. ద్రవ సీలెంట్ సన్నగా రాస్తే చాలు. కిట్టుతో వచ్చే గాట్ల క్లాంపులు ఎండకు మెత్తబడిన రబ్బరును కోసేస్తాయి, అంచు నున్నగా ఉన్నవి కొనుక్కోండి.

వాల్వు తెరవడం మరిచి ఇంజిన్ నడిపితే గదిలోని గేరుకు ఆయిల్ అందదు. అందుకే కిట్టుకు విలువ తెచ్చేది ఆ స్విచ్చే, దాన్ని చెడగొట్టింది కిట్టుతో వచ్చే వైరింగ్ బొమ్మే. వాల్వు మూసి ఉంటే ఇగ్నిషన్ ఆగేలా కిల్ తీగలకు (కలిపితే ఇంజిన్ ఆగే తీగలకు) కలపమంటుంది. అలా కలిపాక స్విచ్ తుప్పు పట్టినా, తీగ తెగినా ఇంజిన్ మామూలుగా స్టార్టయిపోతుంది, కాపలా లేదని మీకు తెలియదు. స్టార్టర్ సొలెనాయిడ్‌కు పోయే సన్న తీగను కోసి స్విచ్చును వరుసలో పెట్టండి. వాల్వు పూర్తిగా తెరిస్తేనే సెల్ఫ్ పనిచేస్తుంది. తుప్పు పట్టినా సెల్ఫ్ తిరగదు, అంతే, నష్టం లేదు. స్విచ్ నీళ్లకు ఆగే రకం కాదు, హల్ అడుగున తేమ ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి జాయింట్ల మీద హీట్ ష్రింక్, లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు తప్పనిసరి. నీటి మీద కుదుపులకు పిడి తనంతట తిరగకుండా, తెరిచిన స్థితిలో కేబుల్ టై వేయండి.

ఐదుకు మూడున్నర ఇవ్వచ్చు. ఒకటి కొసలకు, సగం ఆ బొమ్మకు పోయాయి. స్విచ్ లేని సాదా వాల్వుకైతే సున్నా, ఎంత చవకైనా సరే. దానికంటే గొట్టం నొక్కే క్లాంపు పెట్టి, అది తీయాలని గుర్తుకు బండి తాళం తాడుకు ఎర్ర గుడ్డ కట్టుకోవడం నయం.

కానీ ఇది మరమ్మతు కాదు. అరిగిన సీలు నడిచేటప్పుడూ కారుతుంది: ఒక సిలిండర్ ప్లగ్గు ఎప్పుడూ తడిగా, పొగ ఎక్కువగా, ట్యాంకు ఆయిల్‌లో పెట్రోలు వాసన. నిర్ధారణకు గది గొట్టాలు మూసి 5 పీఎస్ఐ గాలి పెట్టండి, అంతకు మించకూడదు. 3 నిమిషాలు నిలవాలి. రోటరీ షాఫ్టు సీలు అయితే కవరు విప్పి మార్చొచ్చు. విప్పే ముందు డిస్కు ఏ పన్ను మీద కూర్చుందో గుర్తు పెట్టుకోవాలి, ఒక్క పన్ను తప్పినా టైమింగ్ పోతుంది. క్రాంకు లోపలి సీళ్లు అయితే క్రాంకు ప్రెస్ మీద విప్పక తప్పదు. బైకుల క్రాంక్ ప్రెస్సింగ్ చేసేవాళ్లకు ఆ పని తెలుసు కానీ, రెండు సిలిండర్ల క్రాంకును 180 డిగ్రీలకు కూర్చోబెట్టి డయల్ గేజీతో సరిచేయగలరో లేదో అడిగే ఇవ్వండి.

ఇప్పటికే ఆయిల్ నిండి ఉంటే వాల్వు సంగతి తర్వాత. సెల్ఫ్ ఆగిపోతే ఇంకో బ్యాటరీ తగిలించి బలవంతంగా తిప్పొద్దు, ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. రెండు ప్లగ్గులూ తీసి, తీగల క్యాపులను గ్రౌండింగ్ పోస్టులకు తగిలించండి. రంధ్రాల మీద గుడ్డ కప్పి సెల్ఫ్ 5 సెకన్ల చొప్పున ఆపి ఆపి కొట్టండి. పిస్టన్ అడుగుకు తెచ్చి, సన్న గొట్టం ట్రాన్స్‌ఫర్ పోర్టులోకి (క్రాంక్ కేసు నుంచి సిలిండర్‌కు వచ్చే దారిలోకి) దింపి సిరంజితో లాగితే కింద మిగిలింది చాలావరకు వస్తుంది. తర్వాత కొత్త బీఆర్8ఈఎస్ ప్లగ్గులు రెండు జతలు దగ్గర పెట్టుకోండి, మొదటి జత తడిసిపోవడం మామూలే. పంపు గొట్టం విప్పి ఉంటే బ్లీడ్ స్క్రూ వదులు చేసి గాలి పోగొట్టాలి. అది పూర్తయ్యేదాకా లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిల్ కలిపి నడపండి. 787కు ఏపీఐ టీసీ రకం ఆయిలే, ఔట్‌బోర్డు మోటార్ల టీసీ-డబ్ల్యూ3 కాదు.

గట్టు మీద నడిపి చూసేటప్పుడు ముందు ఇంజిన్, ఆ తర్వాత నీళ్ల పైపు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. ఈ వరుస తప్పితే నీళ్లు ఎగ్జాస్టు దారిన సిలిండర్లోకి వస్తాయి. షెడ్డు తలుపులు తీసి పెట్టండి, ఎగ్జాస్టు దారిలోని వాటర్ బాక్సులో పేరుకున్న ఆయిల్ కాలేదాకా పొగ కమ్మేస్తుంది.