స్నానాలగదికి చేతికమ్మీలు: తిరుపతిలో కొన్న సామాను, బిగింపు పని

పక్కింటి పెద్దాయన స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకొని బర్డ్ ఆసుపత్రిలో చేరిన వారమే, డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మ కోసం గోడకు చేతికమ్మీలు బిగించాలని నిర్ణయించుకున్నాను. అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన, రబ్బరు గిన్నెలతో గోడకు అతుక్కునే కమ్మీ ఒకటి మా ఇంట్లో ఉండేది. అది రెండో నెలలో ఒక రాత్రి ఎవరూ ముట్టుకోకుండానే ఊడి కింద పడింది. అమ్మ దాని మీద బరువు మోపినప్పుడు ఊడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది. అందుకే ఈసారి గోడకు రంధ్రం వేసి బిగించే రకమే కావాలనుకొని, తిలక్ రోడ్డు వైపు శానిటరీ సామాను అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను.

18 అంగుళాల స్టీలు కమ్మీలు రెండు, 12 అంగుళాలది ఒకటి, నేల మీద పరిచే రబ్బరు చాప ఒకటి తీసుకున్నాను. బిగింపు కూలితో కలిపి 3,800 రూపాయలయింది. దుకాణంవారు మొదట అద్దంలా మెరిసే కమ్మీలు చూపించారు. చూడటానికి బాగానే ఉన్నా, సబ్బు చేతితో పట్టుకుంటే జారతాయన్న అనుమానంతో పట్టుకొనే చోట గరుకు చెక్కిన రకాన్ని అడిగి తీసుకున్నాను. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి తుప్పును బాగా తట్టుకొనే 304 రకం స్టీలుకే డబ్బు పెట్టాను. కమ్మీ లావు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మరీ లావైతే ముసలి చేతి వేళ్లు చుట్టూ తిరగవు, మరీ సన్ననిదైతే పట్టు చిక్కదు. 35 మిల్లీమీటర్ల లావున్నది అమ్మ పిడికిట్లో సరిగ్గా ఇమిడింది.

చెప్పిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా, బిగించడానికి వచ్చిన కుర్రవాడి పనితనం ఈ ఖర్చంతటిలోకీ విలువైనది. అతను డ్రిల్లు తీయకముందే అమ్మను పిలిచి, "అవ్వా, నీళ్లు పోసుకొనేటప్పుడు రోజూ ఎట్లా కూర్చుంటారో, ఎట్లా లేస్తారో ఒకసారి చేసి చూపించండి" అని అడిగాడు. అమ్మ స్టూలు మీద కూర్చొని లేచేటప్పుడు ఆమె ఎడమచేయి కుళాయిని పట్టుకుంది. గడప దాటేటప్పుడు కుడిచేయి తువాలు వేసే సన్న కమ్మీని పట్టుకుంది. ఆ రెండు చోట్లా అతను పెన్సిలుతో గుర్తు పెట్టాడు. అమెరికా ప్రమాణాలలో కమ్మీ ఎత్తు 33 నుంచి 36 అంగుళాలని నేను చదివి ఉన్నాను, ఆ మాటే అతనితో అన్నాను కూడా. కానీ నాలుగడుగుల పది అంగుళాల అమ్మకు 30 అంగుళాల ఎత్తే చేతికి అందింది. నా చదువు అక్కడితో సరిపోయింది.

తరువాత అతను పలకలను వేలి కణుపుతో తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చిన పలకను వదిలి పక్కదానికి జరిగాడు. పలక పగలకుండా టేపు అంటించి, సుత్తి దెబ్బ లేకుండా నెమ్మదిగా రంధ్రం వేశాడు. అయితే పెట్టెలో వచ్చిన స్క్రూలు ఒకటిన్నర అంగుళాలే. పలక మందం, దాని వెనక సిమెంటు పోగా అవి ఇటుకలోకి దిగేది ఏ కొంచెమో. నేను అడిగిన తరువాతే మూడంగుళాలవి తెచ్చి వేశాడు. పెట్టె మీద 120 కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది, కానీ ఆ లెక్క కమ్మీది మాత్రమే, గోడది కాదు. పొడవు స్క్రూలు పెట్టెలోనే పెట్టి అమ్మడం దుకాణంవారికి పెద్ద భారం కాదు.

రబ్బరు చాప మాత్రం దండగ. దాని అడుగున ఉన్న గిన్నెలు నున్నని నేలకే అతుక్కుంటాయి. మా స్నానాలగదిలో గరుకు పలకలు కావడంతో చాపే కాలి కింద కదిలింది. పైగా శుక్రవారం తలంటుకున్న నాడు నూనె, శీకాయపిండి దాని సందుల్లో చేరి మరింత జారుడు పట్టింది. మూడో రోజునే దాన్ని తీసేసి, తలంటి అయిన వెంటనే నేలను బట్టల సోడాతో రుద్ది కడగడం అలవాటు చేసుకున్నాం. చాపను వెనక్కి తీసుకోమంటే, వాడినది కాబట్టి కుదరదన్నారు.

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవారే ఎక్కువ. అన్ని పడిపోవడాలనూ కమ్మీ ఆపలేదు. అమ్మకు తెల్లవారుజామున మంచం దిగగానే కళ్లు తిరిగేవి. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూశారు. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20కి మించి పడిపోతుండటంతో మందు మోతాదు మార్చారు. ఆ పరీక్ష ముందే చేయించి ఉండవలసింది.

బిగించి మూడు వారాలయింది. కమ్మీలు ఏమాత్రం కదలడం లేదు. అమ్మ ఎడమచేయి మాత్రం ఇంకా మొదట కుళాయి వైపే పోయి, ఆ తరువాత కమ్మీ దగ్గరకు వస్తోంది. వంటింటి వెనక మెట్టు దగ్గర నాలుగో కమ్మీ వేయడానికి అదే కుర్రవాణ్ణి రమ్మన్నాను, మూడంగుళాల స్క్రూలు తెచ్చుకోమని ముందుగానే చెప్పి.