ఆర్‌సిస్‌లాగ్, ఫైల్‌బీట్, లాగ్‌స్టాష్: తప్పెక్కడుందో చెప్పడంలో ఏది మేలు?

లాగులు (సర్వర్లో ఏం జరిగిందో వరసగా రాసుకునే రికార్డులు) పోగుచేసే సాఫ్ట్‌వేర్ అంటే ఆర్‌సిస్‌లాగ్, ఫైల్‌బీట్, లాగ్‌స్టాష్ లాంటివి ఎంచుకునేటప్పుడు వేగం చూస్తాం, మెమరీ ఎంత తింటుందో చూస్తాం, ఎన్ని చోట్లకు పంపగలదో చూస్తాం. అదే మొరాయించినప్పుడు కమాండ్ లైన్‌లో ఏం చెబుతుందో మాత్రం చాలామంది చూడరు. నా లెక్కలో ముందు చూడాల్సింది అదే. మిగతా సర్వర్ల తప్పులు చూపించాల్సిన సాధనం తన తప్పు తాను చెప్పలేకపోతే, పని ఆగిపోయినప్పుడు పట్టుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు.

లాగ్‌స్టాష్‌ను మొదలుపెట్టిన జోర్డాన్ సిసెల్ ఒక నియమం పెట్టుకున్నారు: కొత్తగా వచ్చినవాళ్లు ఇబ్బంది పడితే అది బగ్ కిందే లెక్క. మంచి నియమం. ఈ మూడింటినీ దానితోనే కొలుద్దాం.

ముందు కాన్ఫిగ్ ఫైల్లో (సాఫ్ట్‌వేర్ ఎలా నడవాలో సెట్టింగులు రాసే ఫైల్లో) రాత తప్పులు. ఈ విషయంలో ఆర్‌సిస్‌లాగ్‌కే నా ఓటు. ఆర్‌సిస్‌లాగ్‌డి కమాండ్‌కు మైనస్ పెట్టి క్యాపిటల్ ఎన్, ఒకటి ఇస్తే, నడుస్తున్న సర్వీస్‌ను కదపకుండా కాన్ఫిగ్ మొత్తం చదివి తప్పులు చెబుతుంది. ఫైల్ పేరు, లైన్ నంబరు, ఎర్రర్ కోడ్, ఆ కోడ్‌ను వివరించే పేజీ లింకు అన్నీ ఒకే మెసేజ్‌లో ఉంటాయి. సింటాక్స్ తప్పయితే ఆ కోడ్ 2207. ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా చదవాలి. 25వ లైన్లో తప్పుందని అది అనదు, 25వ లైన్లో గానీ అంతకు ముందు గానీ అంటుంది. పైన ఎక్కడో మూయని బ్రాకెట్టో, కోట్ గుర్తో ఉంటే పార్సర్ (ఫైల్‌ను చదివి అర్థం చేసుకునే భాగం) కిందికి వచ్చాక గానీ తట్టుకోదు. అందుకే ఆ లైన్ బాగానే కనిపిస్తే, పైకి వెతుక్కుంటూ వెళ్లాలి.

ఇంత బాగా చెప్పే ఆర్‌సిస్‌లాగ్‌లో ఒక ప్రమాదం కూడా ఉంది. కాన్ఫిగ్‌లో తప్పున్నా అది డిఫాల్ట్‌గా ఆగదు. చెడిన ముక్కను వదిలేసి మిగతాదానితో నడుస్తుంది. స్టేటస్ చూస్తే పచ్చగా రన్నింగ్ అని ఉంటుంది, ఒక అప్లికేషన్ లాగులు మాత్రం రావు. అందుకే రీస్టార్ట్ చేసే ముందు ఆ పరీక్ష కమాండ్ నడపడం అలవాటు చేసుకోవాలి. తప్పుంటే మొదలే కాకూడదు అనుకుంటే గ్లోబల్ సెట్టింగుల్లో అబార్ట్ ఆన్ అన్‌క్లీన్ కాన్ఫిగ్ ఆన్ చేసుకోవచ్చు.

ఫైల్‌బీట్ కాన్ఫిగ్ యామల్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి, ఇండెంటేషన్‌తో (లైను మొదట వదిలే ఖాళీలతో) వచ్చే బాధలన్నీ దానికీ ఉన్నాయి. స్పేస్‌ల చోట ట్యాబ్ పడితే చాలు, పార్సర్ ఒప్పుకోదు. ఫైల్‌బీట్ టెస్ట్ కాన్ఫిగ్ అని కొడితే లైన్ నంబరు చెబుతుంది గానీ, ఏం తప్పో సూటిగా చెప్పదు.

ఇక లాగ్‌స్టాష్. మైనస్ టి ఇస్తే కాన్ఫిగ్ సరిచూసి ఆగిపోతుంది. కానీ ముందు జావా లేవాలి, ఆపైన జేరూబీ (జావా మీద నడిచే రూబీ) లేవాలి. ఒక్క కామా సరిచేసి మళ్లీ చూడాలన్నా ఎదురుచూడాలి. తప్పు దొరికితే 'ఎక్స్‌పెక్టెడ్ వన్ ఆఫ్' అని మొదలుపెట్టి, అక్కడ ఏ గుర్తులు రావచ్చో వరసపెట్టి చెబుతుంది. ఆ జాబితాను చూసి కంగారు పడొద్దు. చివర్లో లైన్, కాలమ్, ఆ తర్వాత 'ఆఫ్టర్' అని మీ కాన్ఫిగ్‌లోని ముక్కే కనిపిస్తుంది. ఆ ముక్క ఎక్కడ తెగిందో, తప్పు ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఇంకో సంగతి: కాన్ఫ్ డాట్ డి ఫోల్డర్లోని ఫైళ్లన్నింటినీ లాగ్‌స్టాష్ కలిపి ఒకే కాన్ఫిగ్‌గా చదువుతుంది. ఒక ఫైల్లో మూయడం మరిచిన బ్రాకెట్ తర్వాతి ఫైల్ మీదికి నెపం నెడుతుంది. సిసెల్ నియమం ప్రకారం చూస్తే ఇది కచ్చితంగా బగ్ కిందే లెక్క.

అసలు టెన్షన్ పెట్టేవి రాత తప్పులు కావు. కాన్ఫిగ్ ఓకే అని వస్తుంది, అవతలి సర్వర్‌కు ఒక్క లైను కూడా చేరదు. ఇక్కడ ఫైల్‌బీట్ మిగతా రెండింటినీ చాలా వెనక పడేస్తుంది. ఫైల్‌బీట్ టెస్ట్ అవుట్‌పుట్ అని కొట్టి చూడండి. హోస్ట్ పేరు చదివానా, డీఎన్ఎస్‌లో అడ్రస్ దొరికిందా, పోర్టుకు కనెక్షన్ కుదిరిందా, టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ (ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్‌కు ముందు జరిగే ఒప్పందం) అయిందా, సర్వర్ జవాబిచ్చిందా అని మెట్టు మెట్టుకూ ఓకే అనో ఎర్రర్ అనో రాస్తుంది. డయల్ (పోర్టుకు కనెక్షన్) దగ్గర ఆగితే ఫైర్‌వాల్ చూడాలి, లేదా అవతల సర్వీస్ లేచిందో లేదో చూడాలి. హ్యాండ్‌షేక్ దగ్గర ఆగి 'అన్‌నోన్ అథారిటీ' అంటే, సర్టిఫికెట్ జారీ చేసిన సీఏ ఫైల్‌ను మీరు ఇవ్వలేదు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో (లాగులు దాచి వెతికిపెట్టే సర్వర్‌లో) 8.0 నుంచి సెక్యూరిటీ డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి, పాత కాన్ఫిగ్‌ను తెచ్చి పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా తగులుకునేది ఇక్కడే. నెట్‌వర్క్ టీమ్‌కు పంపాలన్నా ఆ అవుట్‌పుట్ ఒక్కటి చాలు, వాదన ఉండదు.

ఆర్‌సిస్‌లాగ్ పరీక్ష ఇదేదీ చూడదు. కనెక్షన్ కుదరకపోతే నడిచేటప్పుడు 2007 కోడ్‌తో యాక్షన్ సస్పెండెడ్ (పంపే పని ఆపేశాను) అని జర్నల్‌లో, అంటే సిస్టమ్ సొంత లాగులో, రాస్తుంది. కారణం ఇంతకు ముందు మెసేజ్‌లో ఉండాలి అని అదే చెబుతుంది కూడా. చాలామంది 2007ను పట్టుకుని వెతుకుతారు. వెతకాల్సింది దాని పై లైనుని. లాగ్‌స్టాష్ మైనస్ టి కూడా అవతలి సర్వర్ దాకా వెళ్లదు. అంతేకాదు, గ్రాక్ ప్యాటర్న్‌లు (లాగు లైన్‌ను ముక్కలుగా విడదీసే నమూనాలు) సరైనవో కావో కూడా చూడదు.

పర్మిషన్ల సంగతికొస్తే, రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) పరీక్షించడం వల్ల వచ్చే చిక్కు వేరు. ఉబుంటూలో ఆర్‌సిస్‌లాగ్ మొదలయ్యాక సిస్‌లాగ్ యూజర్‌గా మారుతుంది. మీరు సూడోతో, అంటే రూట్‌గా, నడిపిన పరీక్ష నెగ్గుతుంది, సర్వీస్ మాత్రం ఫైల్లో రాయలేక చతికిలబడుతుంది. లాగ్‌స్టాష్‌ను రూట్‌గా చేత్తో నడిపితే ఇంకా చేటు. డేటా ఫోల్డర్లో రూట్ పేరుమీద ఫైళ్లు మిగిలిపోతాయి, ఆ తర్వాత లాగ్‌స్టాష్ యూజర్‌తో లేవాల్సిన సర్వీస్ లేవదు. సర్వీస్ పడిపోతే సిస్టమ్ దాన్ని మళ్లీ లేపుతుంది కాబట్టి పడుతూ లేస్తూ ఉంటుంది, తొందరలో స్టేటస్ చూసినవాళ్లకు నడుస్తున్నట్టే కనిపిస్తుంది. ఫైల్‌బీట్ మొండిది. కాన్ఫిగ్ ఫైల్‌ను ఓనర్ కాక ఇంకెవరైనా మార్చగలిగేలా ఉంటే లేవనే లేవదు, కానీ కారణం చెప్పి మరీ ఆగుతుంది. స్ట్రిక్ట్ పర్మ్స్ అనే ఈ తనిఖీని ఆపేసి దాటేయొద్దు. గ్రూప్‌కీ ఇతరులకీ రైట్ పర్మిషన్ తీసేస్తే సరిపోతుంది.

కాబట్టి ప్రతి సర్వర్ మీదా పెట్టాల్సిన ఏజెంట్ అయితే, లాగులు వెళ్లేది ఎలాస్టిక్‌సెర్చ్‌కే అయితే, నేను ఫైల్‌బీట్‌నే పెడతాను. రాత తప్పు ఐదు నిమిషాల్లో కంటికి కనిపిస్తుంది. దారిలో ఎక్కడ ఆగిందో తెలియక పోయే సమయమే పెద్దది, ఆ సమయాన్ని మిగిల్చేది ఇదొక్కటే. లైనక్స్ సిస్టమ్ లాగుల్ని ఇంకో సిస్‌లాగ్ సర్వర్‌కు పంపితే చాలనుకుంటే ఆర్‌సిస్‌లాగ్ ఎలాగూ చాలా డిస్ట్రోల్లో ఉండనే ఉంది, కొత్తది దించక్కర్లేదు.

లాగ్‌స్టాష్‌ను ఏజెంట్‌గా పెట్టను. లాగును విడదీసి, మార్చి పంపాల్సిన పని ఉంటే మధ్యలో ఒక్కచోట పెడతాను. అప్పుడు కూడా మైనస్ టి మీద ఆధారపడను. ఇన్‌పుట్‌గా ఎస్‌టీడిన్ (కమాండ్ లైన్‌లో ఇచ్చేది), అవుట్‌పుట్‌గా రూబీడీబగ్ (ఫలితాన్ని స్క్రీన్ మీద విడదీసి చూపేది) ఉన్న చిన్న కాన్ఫిగ్ రాసుకుని, నిజమైన లాగు లైన్లు నాలుగు అందులో పోసి చూస్తాను. ట్యాగుల్లో గ్రాక్ పార్స్ ఫెయిల్యూర్ కనిపిస్తే ప్యాటర్న్ కుదరలేదన్నమాట. అలా నడిపేటప్పుడు లాగ్‌స్టాష్ యూజర్‌గానే నడపండి, పాత్ డేటాకు వేరే తాత్కాలిక ఫోల్డర్ ఇవ్వండి. లేకపోతే ఇంకో ఇన్‌స్టెన్స్ ఇదే డేటా ఫోల్డర్‌ను వాడుతోందని ఆగిపోతుంది. పాత్ సెటింగ్స్‌కు ఈటీసీ కింది లాగ్‌స్టాష్ ఫోల్డర్ కూడా ఇస్తే, లాగ్‌స్టాష్ డాట్ యామల్ దొరకలేదన్న హెచ్చరిక రాదు, సర్వీస్ వాడే సెట్టింగులతోనే పరీక్ష జరుగుతుంది.